పిట్యూటరీ కణితి: పరిశోధనలో చేరమని అడిగితే ఏం చేయాలి?

తలలో గడ్డ ఉందని స్కానులో తేలిందనగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ గడ్డ పిట్యూటరీ గ్రంథిలో వచ్చినదైతే ముందుగా ఒక మాట తెలుసుకోండి. ఈ కణితుల్లో దాదాపు అన్నీ క్యాన్సరు కానివే. ఒంట్లో మరో చోటికి పాకే రకం చాలా అరుదు. అలాగని ఊరుకోదగిన జబ్బూ కాదు. చూపు పోగొట్టగలదు, పిల్లలు పుట్టకుండా చేయగలదు, బి.పి., షుగరు తెచ్చిపెట్టగలదు.

ఇక్కడ పరీక్ష చేసి అనుమానం వచ్చినవారిని మనం పెద్ద ఆసుపత్రులకు పంపుతాం. అక్కడికి వెళ్ళి వచ్చిన బంధువులు కొందరు పది పదిహేను పేజీల కాగితాలు పట్టుకుని వచ్చి, "సిస్టరుగారూ, ఏదో పరిశోధన అంటున్నారు, సంతకం పెట్టమంటున్నారు. పెట్టమంటారా, వద్దంటారా?" అని అడుగుతుంటారు. పెట్టండనో వద్దనో చెప్పడం నా పని కాదు. ఆ కాగితాల్లో ఏముంటుందో, మిమ్మల్ని ఎందుకు అడుగుతారో, మీరు తిరిగి ఏమేమి అడగాలో మాత్రం చెప్పగలను.

బఠాణీ గింజంత గ్రంథి

ముక్కు వెనుకగా లోపలికి వెళితే పుర్రె అడుగున గుర్రపు జీను ఆకారంలో ఒక చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. దీన్నే బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నాం. థైరాయిడుకు, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు, ఆడవారి అండాశయాలకు, మగవారి వృషణాలకు ఆజ్ఞలు ఇచ్చేది ఇదే. పిల్లలు ఎదగడానికి, బాలింతకు పాలు పడడానికి కావలసిన హార్మోన్లు కూడా ఇక్కడి నుంచే వస్తాయి.

ఇందులో కణితి వస్తే రెండు విధాల బాధ. ఒకటి, ఏదో ఒక హార్మోను మితిమీరి తయారవుతుంది. రెండు, కణితి పెరిగి పైనున్న కంటి నరాలను నొక్కుతుంది. అప్పుడు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గాని పక్కల నుంచి వచ్చేది కనిపించదు. రోడ్డు దాటేటప్పుడు పక్కనుంచి వచ్చే సైకిలును చూడక గుద్దుకుంటారు. ఇంట్లోవాళ్ళు "పరధ్యానం ఎక్కువైంది" అని కోప్పడతారు.

ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను ఎక్కువయ్యే రకం చాలామందిలో చూస్తాం. పెళ్ళయి మూడు నాలుగేళ్ళయినా కడుపు పండదు, నెలసరి ఆగిపోతుంది, బిడ్డ లేకుండానే రొమ్ము నుంచి పాలు కారుతాయి. ఆ అమ్మాయి సిగ్గుతో ఎవరికీ చెప్పదు. అత్తవారింట్లో మాటలు పడుతూ ఉంటుంది. నిజానికి చాలామందికి వారానికి రెండుసార్లు వేసుకునే చిన్న బిళ్ళతో తగ్గే జబ్బు ఇది. మగవారికీ వస్తుంది. కోరిక తగ్గడం, సంతానం కలగకపోవడం దాని లక్షణాలు. కాబట్టి పిల్లలు లేకపోతే ఇద్దరికీ పరీక్ష చేయించాలి. ఒక్క కోడలినే గుడుల చుట్టూ, చర్చిల చుట్టూ తిప్పితే సరిపోదు.

పెరుగుదల హార్మోను ఎక్కువైతే పెద్దవారిలో చేతులు, పాదాలు, దవడ మెల్లగా పెద్దవవుతాయి. ఉంగరం పట్టదు, చెప్పుల సైజు మారుతుంది, గురక పెరుగుతుంది, చెమటలు పడతాయి. ఇది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జరిగేది కనుక రోజూ చూసేవారికి తెలియదు. పాత పెళ్ళి ఫోటో తీసి పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ఫోటో పట్టుకెళ్ళండి, పనికొస్తుంది. అడ్రినల్ గ్రంథులను అతిగా రెచ్చగొట్టే రకాన్ని కుషింగ్ జబ్బు అంటారు. ముఖం చంద్రబింబంలా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు పడి, కాళ్ళూ చేతులూ సన్నబడతాయి. ఏ హార్మోనూ చేయకుండా కేవలం పెరిగే కణితులు కూడా ఉన్నాయి.

ఎంతమందికి ఉంటుంది అని అడుగుతారు. బెల్జియంలోని లియెజ్ ప్రాంతంలో ఇంటింటి వైద్యుల సహాయంతో లెక్క తీసి 2006లో ప్రచురించారు. సుమారు 72 వేల జనాభాలో 68 మందికి, అంటే దాదాపు వెయ్యికి ఒకరికి, వైద్యుల దృష్టికి వచ్చిన పిట్యూటరీ కణితి ఉన్నట్టు తేలింది. మరో లెక్క కూడా ఉంది. శవపరీక్షలు, స్కానులు కలిపి చూసిన పరిశోధనలన్నిటినీ 2004లో ఒకచోట చేర్చి చూస్తే, సుమారు ఆరుగురిలో ఒకరికి ఈ గ్రంథిలో ఏదో ఒక చిన్న గడ్డ ఉంది. వాటిలో చాలావరకు ఎప్పటికీ బాధ పెట్టవు. స్కానులో కనబడిన ప్రతి చుక్కా జబ్బు కాదని ఈ లెక్క చెబుతుంది.

ఇంకొక చిన్న సంగతి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ కణితుల పేరు మార్చి "న్యూరోఎండోక్రైన్ ట్యూమర్" అని చేర్చారు. ఇప్పుడు కొన్ని రిపోర్టుల్లో ఆ పేరే ఉంటుంది. అది ఫోనులో వెతికి, ఏదో క్యాన్సరని భయపడి తిండి మానేసినవారిని చూశాను. పేరు మారిందే గాని జబ్బు మారలేదు.

పరిశోధన వల్ల ఏమి ఒరిగింది?

మీ ఇంట్లో మనిషి వేసుకునే బిళ్ళ వెనుక ఎవరో కొన్ని వందలమంది రోగులు ఉన్నారు. ఒక ఉదాహరణ చెబుతాను. ప్రొలాక్టిన్ తగ్గించడానికి మొదట బ్రోమోక్రిప్టిన్ అనే మందు ఉండేది. పనిచేస్తుంది గాని వాంతులు, కళ్ళు తిరగడం ఎక్కువ. తరువాత క్యాబర్గోలిన్ వచ్చింది. ఏది మేలు? ప్రొలాక్టిన్ ఎక్కువై నెలసరి ఆగిపోయిన 459 మంది స్త్రీలను తీసుకుని, కొందరికి ఒక మందు, కొందరికి ఇంకొకటి 24 వారాలు ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. క్యాబర్గోలిన్ వాడినవారిలో నూటికి 83 మందికి హార్మోను మామూలు స్థాయికి వచ్చింది, బ్రోమోక్రిప్టిన్ వాడినవారిలో 59 మందికి. పడక మందు మానేసినవారు మొదటి గుంపులో నూటికి 3, రెండో గుంపులో 12. అప్పటి నుంచి వైద్యులు ఏది ముందు రాయాలో తేల్చుకోగలిగారు.

తరువాతి ప్రశ్న రోగులే వేశారు. "ఈ బిళ్ళ జీవితాంతం వాడాలా?" ఇటలీలోని నేపుల్స్ వైద్యులు, హార్మోను మామూలుగా ఉండి, స్కానులో కణితి మాయమైన లేక బాగా తగ్గిన 200 మందికి మందు ఆపి జాగ్రత్తగా కనిపెట్టి చూశారు. 2003లో ప్రచురించారు. చిన్న కణితి ఉన్నవారిలో నూటికి 31 మందికి, పెద్ద కణితి ఉన్నవారిలో 36 మందికి హార్మోను మళ్ళీ పెరిగింది. మిగిలినవారికి పెరగలేదు. ఆ పరిశోధన జరిగినంతకాలం ఎవరికీ కణితి తిరిగి ఎదగలేదు. ఇది చదివి "అయితే మనమూ ఆపేద్దాం" అనుకోకండి. అక్కడ ఆపింది మందు సరిగ్గా వాడి తగ్గినవారికి, అదీ రక్తపరీక్షలు, స్కానులు చేస్తూ.

మందు బజారులోకి వచ్చాక కూడా పరిశోధన ఆగదు. 2007లో వణుకు జబ్బుకు క్యాబర్గోలిన్ పెద్ద మోతాదులో రోజూ వాడినవారిలో కొందరికి గుండె కవాటాలు దెబ్బతిన్నట్టు బయటపడింది. పిట్యూటరీ రోగులు వాడేది అంతకంటే చాలా తక్కువ మోతాదు, వారానికి ఒకటి రెండుసార్లు. అయినా ఏళ్ళ తరబడి వాడేవారికి డాక్టరుగారు అప్పుడప్పుడు గుండె స్కాను రాయడం దీనివల్లే. "తలలో జబ్బుకు గుండె పరీక్ష ఎందుకు, డబ్బు గుంజడానికా?" అని ఒకాయన నన్ను నిలదీశారు. కారణం ఇదీ.

పెరుగుదల హార్మోను జబ్బుకు నెలనెలా పిరుదుకు వేసే ఇంజెక్షను బాధ చాలామందికి తెలుసు. దాని బదులు నోటితో వేసుకునే మందు ఒకటి 2020లో, మరొకటి 2025 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందాయి. మొదటిదాన్ని 56 మందిలో 36 వారాలు పరీక్షించారు. ఇంజెక్షనుతో అదుపులో ఉన్న హార్మోను, బిళ్ళకు మారినా అదుపులోనే ఉన్నవారు నూటికి 58, మందులేని బిళ్ళ తిన్నవారిలో 19. అమెరికాలో అనుమతి వచ్చిందంటే రేపు మన వీధిలో మందుల షాపులో దొరుకుతుందని అర్థం కాదు. ధర సంగతి వేరే.

అన్ని కథలూ ఇంత శుభంగా ఉండవు. కుషింగ్ జబ్బుకు పాసిరియోటైడ్ అనే మందును 162 మందిలో పరీక్షించి 2012లో ప్రకటించారు. కార్టిసాల్ తగ్గింది గాని, 118 మందికి రక్తంలో చక్కెరకు సంబంధించిన ఇబ్బంది వచ్చింది. మందు పనికొస్తుందా అన్న ప్రశ్నతోపాటు ఏమి చెరుపు చేస్తుంది అన్నదీ పరిశోధనలోనే తేలుతుంది. ఆ చెరుపు ఎవరో ఒకరి ఒంటి మీదే తేలుతుంది. ఈ మాట మీకు దాచకుండా చెప్పాలి.

ఏ రకం పరిశోధనో ముందు తెలుసుకోండి

"పరిశోధన" అన్న మాట ఒకటే గాని లోపల రకాలు ఉన్నాయి. కొన్నిటిలో రోగికి కొత్తగా ఏమీ ఇవ్వరు. మామూలుగా జరిగే వైద్యాన్నే రాసుకుంటారు, చూపు ఎలా ఉంది, హార్మోన్లు ఎలా ఉన్నాయి అని కొన్నేళ్ళు కనిపెడతారు. ఇందులో ప్రమాదం దాదాపు లేదు. ఓపిక మాత్రం కావాలి.

కొన్నిటిలో రెండు ఆపరేషను పద్ధతులు పోల్చి చూస్తారు. ముక్కు గుండా చేసే ఆపరేషనులో ఒకప్పుడు మైక్రోస్కోపు వాడేవారు, ఇప్పుడు చాలాచోట్ల సన్నని కెమెరా గొట్టం వాడుతున్నారు. అమెరికాలో ఏడు ఆసుపత్రులు కలిసి ఈ రెండింటినీ పోల్చితే, కణితిని పూర్తిగా తీయడంలో పెద్ద తేడా కనబడలేదు. కొత్తది కనుక అన్నివిధాలా గొప్పదే అయి ఉంటుందని అనుకోకూడదు.

మూడో రకం, ఆపరేషనులో తీసిన కణితి ముక్కనో, రక్తాన్నో దాచి పరీక్షించడం. "ఎలాగూ పారేసేదే కదా" అని చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఇక్కడ మీకు చార్లెస్ బర్న్ కథ చెప్పాలి. ఈయన ఉత్తర ఐర్లాండు మనిషి. 1761లో పుట్టాడు. పిట్యూటరీ కణితి వల్ల ఏడున్నర అడుగులకు పైగా ఎదిగి, లండనులో జనం డబ్బిచ్చి చూసే వింతగా బతికాడు. 1783లో 22 ఏళ్ళకే చనిపోయాడు. తన శవాన్ని వైద్యులు కోస్తారని భయపడి, సముద్రంలో వదలమని స్నేహితులకు చెప్పుకున్నాడు. కాని జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు డబ్బు ఇప్పించి శవాన్ని దక్కించుకున్నాడు. ఆ అస్థిపంజరం రెండు వందల ఏళ్ళకు పైగా మ్యూజియంలో నిలబడింది. 1909లో హార్వే కుషింగ్ ఆ పుర్రె తెరచి చూస్తే పిట్యూటరీ గుంట పెద్దదై ఉంది. 2011లో ఆయన పంటి నుంచి తీసిన డి.ఎన్.ఎ.లో ఒక జన్యు లోపం దొరికింది. అదే లోపం ఈనాటి ఉత్తర ఐర్లాండులోని కొన్ని కుటుంబాల్లోనూ ఉంది. దానివల్ల ఆ కుటుంబాల పిల్లలను ముందుగానే పరీక్షించే వీలు కలిగింది. అంటే మేలు జరిగింది. కాని ఆ మనిషి వద్దన్నది వద్దన్నట్టే ఉంది. ఆయన అస్థిపంజరాన్ని ఇక ప్రదర్శించబోమని మ్యూజియంవారు 2023లో ప్రకటించారు. రోగి మాటకు విలువ ఇవ్వడానికి 240 ఏళ్ళు పట్టింది.

అందుచేత మీరు ఆ కాగితంలో చూడవలసింది: ముక్కను ఎంతకాలం ఉంచుతారు, వేరే దేశానికి పంపుతారా, జన్యు పరీక్ష చేస్తారా, చేస్తే ఫలితం మనకు చెబుతారా. పిట్యూటరీ కణితులు వంశపారంపర్యంగా రావడం తక్కువే, నూటికి ఐదుగురి దగ్గరే. కాని లోపం ఉందని తేలితే అది తోబుట్టువులకు, పిల్లలకు సంబంధించిన వార్త. పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ వార్త ఎంత బరువో మీకు తెలుసు. సంతకానికి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

నాలుగో రకం మందుల ట్రయలు. మిమ్మల్ని భయపెట్టేది ఇదే.

చీటీ తీయడం, ఉత్తుత్తి బిళ్ళ

కొత్త మందును మొదట కొద్దిమందిలో మోతాదు ఎంతవరకు భరించగలరో చూస్తారు, తరువాత మరికొందరిలో పనిచేస్తుందా అని, ఆ పైన ఎక్కువమందిలో పాత వైద్యంతో పోల్చి చూస్తారు. వీటిని దశలు అంటారు. మీకు చెప్పినది ఏ దశ అని అడగండి. మొదటి దశకు, మూడో దశకు ప్రమాదంలో తేడా ఉంటుంది.

ఎవరికి ఏ మందు అన్నది డాక్టరుగారు నిర్ణయించరు. కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. డాక్టరుకు వదిలితే తెలియకుండానే కాస్త ఆరోగ్యంగా ఉన్నవారికి కొత్త మందు ఇస్తారేమో, అప్పుడు పోలిక తప్పవుతుంది. చాలా ట్రయళ్ళలో రోగికీ, డాక్టరుకీ ఇద్దరికీ ఏ మందో తెలియదు. "డాక్టరుగారికే తెలియకపోతే మా గతేమిటి?" అని అడుగుతారు. ప్రమాదం వస్తే వెంటనే విప్పి చూసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు ఎలాగో అడిగి రాసుకోండి.

ఉత్తుత్తి మందు ఎందుకు? 2000లో ప్రచురించిన పెగ్విసోమాంట్ పరిశోధన చూడండి. పెరుగుదల హార్మోను జబ్బు ఉన్న 112 మందికి 12 వారాలు రోజూ చర్మం కింద ఇంజెక్షను ఇచ్చారు. కొందరికి మందు, కొందరికి మందులేని నీరు. అన్నిటికన్నా పెద్ద మోతాదు పొందినవారిలో నూటికి 89 మందికి రక్తపరీక్ష మామూలుకు వచ్చింది. మందు లేనివారిలోనూ 10 మందికి వచ్చింది! పోలిక లేకపోతే ఆ పదిమంది కూడా మందు ఖాతాలో పడేవారు.

అయితే కుషింగ్ జబ్బు వంటి ప్రమాదకరమైన వాటిలో రోగిని మొదటి నుంచీ మందు లేకుండా ఉంచడం న్యాయం కాదు. అందుకని ఓసిలోడ్రోస్టాట్ అనే మందు పరిశోధనలో వేరే దారి చూశారు. 137 మందిని చేర్చుకుని ముందు అందరికీ అసలు మందే ఇచ్చారు. దానితో తగ్గినవారిలో 71 మందిని రెండు గుంపులు చేసి, 8 వారాలు మాత్రం ఒక గుంపుకు ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. మందు కొనసాగినవారిలో నూటికి 86 మందికి, ఆగినవారిలో 29 మందికి మాత్రమే కార్టిసాల్ అదుపులో ఉంది. ఫలితం 2020లో వచ్చింది. మీకు ఇచ్చిన కాగితంలో ఉత్తుత్తి మందు ఉందంటే ఎన్ని వారాలు, ఆ సమయంలో జబ్బు ముదిరితే ఏం చేస్తారు అని తప్పక అడగండి.

సంతకం ఎవరిది?

రోగిదే. ఒక భర్తగారు "ఆవిడకేం తెలుసండీ, నేను పెడతాను ఇవ్వండి" అన్నారు. ఆవిడ పదో తరగతి పాసయింది, స్పృహలో ఉంది, పక్కనే కూర్చుని ఉంది. భర్త అయినా, తండ్రి అయినా, పెద్దకొడుకు అయినా, రోగి తెలివిగా ఉన్నప్పుడు రోగి బదులు సంతకం చేయడానికి లేదు. చదువు రాకపోతే నిష్పాక్షికమైన సాక్షి ఎదుట చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించుకోవాలి. పిల్లలకు, స్పృహ లేనివారికి మాత్రమే చట్టం ఒప్పుకున్న బంధువు సంతకం చేస్తారు.

సంతకం అంత ముఖ్యమా అనేవారికి మన దగ్గర జరిగినదే చెబుతాను. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా పరిశీలన పేరుతో వేలాదిమంది ఆడపిల్లలకు టీకాలు వేశారు. ఆశ్రమ పాఠశాలల్లో చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. గొడవ జరిగి 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పిల్లల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో చెప్పారు. అయినా అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టారు. ఈనాటికీ మన పల్లెల్లో "ప్రయోగం" అన్న మాటకు జనం ఉలిక్కిపడుతున్నారంటే వారిది తప్పు కాదు.

ఆ తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి. ఇప్పుడు 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి ట్రయలునూ ఎథిక్స్ కమిటీ ముందుగా ఆమోదించాలి. ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగంమంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివారు అయి ఉండాలి. వైద్యం తెలియని సామాన్యులు ఒకరు, స్త్రీ ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు తప్పనిసరి. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం అయ్యాక ఒక ప్రతి మీకివ్వాలి. ఇంగ్లీషు కాగితం ఇచ్చి "ఇదంతా మామూలే" అంటే తెలుగుది అడగండి. మొహమాటం వద్దు. ట్రయలు వల్ల హాని జరిగితే, అది ట్రయలు వల్ల కాదని తేలేవరకు ఉచితంగా వైద్యం చేయాలి. ట్రయలు వల్లే అని తేలితే నష్టపరిహారం ఇవ్వాలి.

ట్రయలు నిజమైనదేనా అని చూడడానికి ఒక దారి ఉంది. మన దేశంలో 2007 జూలైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలైంది. 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయళ్ళు అందులో నమోదు కావడం తప్పనిసరి. సి.టి.ఆర్.ఐ. నెంబరు ఎంత అని అడగండి. ఇంట్లో ఇంటర్నెట్ తెలిసిన పిల్లలు ఉంటే ఆ నెంబరు కొట్టి చూడమనండి. ఏ ఆసుపత్రిలో, ఎంతమందితో, దేనికోసం అన్నది అందులో ఉంటుంది. నమోదు అయినంత మాత్రాన మందు మంచిదని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు, అది గుర్తుంచుకోండి.

అడగవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. చేరకపోతే మాకు దొరికే వైద్యం ఏమిటి? పరిశోధన కోసం చేసే స్కానులు, రక్తపరీక్షలకు డబ్బు ఎవరు పెడతారు? ఎన్నిసార్లు రావాలి, బస్సు చార్జీలు ఇస్తారా, ఆ రోజు కూలి పోతే? ట్రయలు అయిపోయాక మందు పనిచేస్తే తరువాత దొరుకుతుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఏడాదిపాటు బాగుండి, తరువాత కొనలేని మందు కోసం ఏడ్చేకంటే ముందే అడగడం మేలు. ఆడవారు ట్రయలు జరిగేటప్పుడు గర్భం దాల్చకూడదని ఉంటుంది. పిల్లల కోసమే వైద్యానికి వచ్చినవారైతే ఈ సంగతి దంపతులిద్దరూ ఆలోచించుకోవాలి.

అక్కడికక్కడే సంతకం చేయనక్కరలేదు. కాగితాలు ఇంటికి తెచ్చుకోండి. వద్దనుకుంటే వద్దనండి. చేరిన తరువాత కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు. అందువల్ల మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. మానుకునేటప్పుడు మాత్రం చెప్పకుండా మాయం కాకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

ఇంట్లో మీరు చేయవలసినవి

చేరాలని నిర్ణయించుకుంటే ఇంటివారి పని చాలా ఉంది. కుషింగ్ జబ్బు పరిశోధనలో 24 గంటల మూత్రం పదేపదే అడుగుతారు. ఎక్కువగా చెడిపోయే పరీక్ష ఇదే. ఉదయం లేవగానే మొదటిసారి పోసిన మూత్రం పారేసి ఆ టైము రాయాలి. అక్కడి నుంచి మరునాడు ఉదయం అదే టైముకు పోసిన మొదటి మూత్రం వరకు ప్రతి చుక్కా డబ్బాలో పడాలి. దొడ్డికి వెళ్ళేముందు కూడా మూత్రం విడిగా పట్టాలి. డబ్బాను చల్లని చోట ఉంచాలి. ఒకసారి మరచిపోతే నీళ్ళు కలపకండి, దాచకండి, మరచిపోయామని చెప్పండి. మళ్ళీ పట్టిస్తారు. తప్పు లెక్క వల్ల మీ మనిషికే మోతాదు తప్పుతుంది.

వేసుకునే ప్రతి మందూ చెప్పాలి. గ్యాసు కోసం వాడే డోంపెరిడోన్ బిళ్ళ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. కొన్ని మానసిక వైద్యపు మందులూ అంతే. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని హార్మోను పరీక్షలను తారుమారు చేస్తుంది. కీళ్ళనొప్పులకు, ఆయాసానికి ఊళ్ళో ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడు కలిపి ఉండవచ్చు. అది కుషింగ్ లక్షణాలను తెస్తుంది, పరీక్షలను చెడగొడుతుంది. "తిడతారేమో" అని దాచవద్దు.

క్యాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ వంటి మందులు వాడేవారిలో కొందరికి మనసు అదుపు తప్పుతుంది. ఎన్నడూ లేనిది పేకాటకు, ఆన్‌లైన్ ఆటలకు డబ్బు పోగొట్టడం, అనవసరంగా కొనడం, లైంగిక కోరిక మితిమీరడం, చిరాకు. రోగి ఇది జబ్బు వల్ల అని అనుకోరు, చెప్పుకోరు. ముందు కనిపెట్టేది ఇంటివారే. దాన్ని చెడు బుద్ధిగా తీసుకుని గొడవపడకుండా డాక్టరుగారికి చెప్పండి. మోతాదు తగ్గించినా, మందు మార్చినా చాలామందికి పోతుంది.

ఆపరేషను తరువాతగాని, మందు వల్లగాని ఒంట్లో కార్టిసాల్ తక్కువై హైడ్రోకార్టిసోన్ బిళ్ళలు వాడుతున్నవారు ఏ కారణం చేతనైనా, ఉపవాసమైనా సరే, ఒక్కరోజు కూడా మానకూడదు. జ్వరం వస్తే మోతాదు పెంచాలి. ఎంతో ముందే రాయించుకోండి. వాంతులై బిళ్ళ నిలవకపోతే ఇంజెక్షను అవసరం, దగ్గరలోని ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళాలి.

పిట్యూటరీ కణితి ఉన్నవారికి ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మత్తుగా పడిపోవడం వస్తే కణితిలో రక్తం కారి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు, ట్రయలు వారి ఫోను కోసం ఎదురుచూడవద్దు. నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత స్కాను ఫిల్ములు, మందుల చీటీ, ట్రయలులో ఇచ్చిన కార్డు ఒకే సంచిలో పెట్టుకుని తీసుకువెళ్ళండి. ఆ సంచి ఎక్కడ ఉందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.